ఇంగ్లిషు ఫ్రేము, ఫ్రెంచి ఫోర్కు: మీ అటక మీది రేసు సైకిలు గురించి

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు క్లుప్తంగా చెబుతాను. అమలాపురంలో మీ పెద్దల ఇంటి అటక మీద ఒక పాత రేసు సైకిలు దొరికింది. ముందు బ్యాడ్జి ఊడిపోయి రెండు రంధ్రాలే మిగిలాయి. సీటు గొట్టం మీద సగం చెరిగిన ‘రేనాల్డ్స్ 531’ లేబులు ఉంది. గొట్టాలు కలిసే చోట నగిషీ అంచులున్న నెర్వెక్స్ లగ్గులు ఉన్నాయి. వెనక చక్రం కూర్చునే డ్రాపవుట్లలో కుడిది ఒక రకం, ఎడమది ఇంకో రకం. గేర్లు మార్చే డిరెయిలర్ బిగించాల్సిన రంధ్రంలో మర లేదు. ముందు చక్రం 700సి, వెనకది 27 అంగుళాలు. ఫోర్కు తిరగడానికి బేరింగులతో ఉండే, కొత్తగా కొన్న ఒక అంగుళం హెడ్‌సెట్ ఫోర్కు మీద ఎక్కడం లేదు. సైకిలు యానాం నుంచి వచ్చింది కాబట్టి ఫ్రెంచిదే అని ఇంట్లో పెద్దలు అంటున్నారు. కాకినాడ మెకానిక్ ఇంగ్లిషుది అన్నాడు. మీ స్నేహితుడు అతుకుల బొంత అని తేల్చేశాడు. ఇది అసలు ఏమిటి, ఎప్పటిది, రంగు వేయించి తిప్పుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

మీరు పంపిన కొలతలు చూశాక నా అభిప్రాయం ఇది. ఫ్రేము ఇంగ్లిషుది, మంచి రకం. ఫోర్కు ఫ్రెంచిది, తరవాత వచ్చి చేరింది. వెనక కుడి డ్రాపవుటు కూడా ఫ్రెంచిదే, అదీ తరవాతదే. ఇందులో నకిలీ ఏమీ లేదు. రంగు మాత్రం ఇప్పుడే వేయించకండి.

ఎలా తేల్చానో వివరంగా చెబుతాను. ఇలాంటి సైకిళ్ళ విషయంలో అందరూ చూడకూడని చోట చూసి తికమకపడతారు. మీరు లగ్గుల మీద నెర్వెక్స్ పేరు చూసి ఫ్రెంచిదనుకున్నారు, లేబులు మీద రేనాల్డ్స్ చూసి ఇంగ్లిషుదనుకున్నారు. ఈ రెండూ దేశాన్ని చెప్పవు. 1950లలో, 60లలో రేసు ఫ్రేములు చేసేవారు గొట్టాలు ఒకచోట, లగ్గులు ఒకచోట, డ్రాపవుట్లు మరోచోట కొనేవారు. నెర్వెక్స్ ప్రొఫెషనల్ లగ్గులు ఫ్రాన్సువి. కానీ వాటిని ఇంగ్లండులోని చిన్న ఫ్రేము వర్క్‌షాపులు విపరీతంగా వాడాయి. రేనాల్డ్స్ బర్మింగ్‌హామ్ కంపెనీ. కానీ ఫ్రాన్సులో పేరు మోసిన ప్యూజో పీఎక్స్-10 రేసు సైకిలు ఆ 531 గొట్టాలతోనే తయారైంది. ఇటలీ కంపాన్యోలో డ్రాపవుట్లయితే అన్ని దేశాల ఫ్రేముల మీదా కనిపిస్తాయి. బజారులో కొనగలిగిన ముక్క ఎవరి చేతికైనా వస్తుంది. చేసినవాడి దేశాన్ని పట్టించేవి అతని వర్క్‌షాపు అలవాట్లు, అంటే గొట్టాల వెలుపలి వ్యాసం, పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డ గొట్టమైన బీబీ షెల్‌లోని మరలు. ఇవి ఫ్రేముతో పుట్టి ఫ్రేముతోనే పోతాయి.

మొదట గొట్టాలు. ఇంగ్లిషు కొలతలో సీటు గొట్టం, కింది గొట్టం 28.6 మి.మీ., పై గొట్టం 25.4 మి.మీ. ఉంటాయి. ఫ్రెంచి కొలతలో సీటు గొట్టం, కింది గొట్టం 28 మి.మీ., పై గొట్టం 26 మి.మీ. ఒకటి సన్నబడితే ఇంకొకటి లావవుతుంది, అందుకే ఈ పరీక్ష అంత నమ్మదగినది. మీరు వెర్నియర్‌తో రంగు మీదనే కొలిచి 28.8, 25.6 వచ్చాయన్నారు. రంగు కొలతను పెంచుతుందే గాని తగ్గించదు. రంగు పొరలతో కలిపి కూడా పై గొట్టం 26కి చేరలేదంటే అది ఫ్రెంచి గొట్టం అయ్యే వీలు లేదు. ఈ ఒక్క కొలతతోనే సగం చిక్కు విడిపోయింది.

మిగిలిన సగం బీబీ కప్పు, అంటే ఆ షెల్ లోపల మరతో బిగించే బేరింగు గిన్నె, తీర్చింది. మీ మెకానిక్ కుడివైపు కప్పును మామూలుగా ఎడమకు తిప్పి తిప్పి అలసిపోయి, చివరికి కుడికి తిప్పితే ఊడిందన్నారు. అదే ఇంగ్లిషు పద్ధతి. చైను వైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది, కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఫ్రెంచి షెల్‌లో రెండు వైపులా కుడి మరే. షెల్ వెడల్పు రెండింటిలోనూ 68 మి.మీ. కాబట్టి వెడల్పు చూసి ఏమీ చెప్పలేం. ఇటాలియన్ అయితే 70 ఉండేది. స్విట్జర్లాండు ఫ్రేముల్లో కూడా చైను వైపు ఎడమ మరే గాని మర కొలత ఫ్రెంచిది, కాబట్టి నిర్ధారణ కోసం ఇంకొక్క పని చేయండి. ఊడదీసిన కప్పు మీద పది మరచుట్ల పొడవు కొలవండి. ఇంగ్లిషు కప్పుకు అంగుళానికి 24 చుట్లు ఉంటాయి, అంటే పది చుట్లకు 10.6 మి.మీ. దాకా వస్తుంది. ఫ్రెంచి, స్విస్ కప్పుల్లో చుట్టుకు సరిగ్గా 1 మి.మీ. కాబట్టి పదే వస్తుంది. చేతిలో ఉన్న వెర్నియర్ చాలు, దీనికి ప్రత్యేకమైన గేజీ అక్కర్లేదు.

సీటు పోస్టు 27.2 మి.మీ. అన్నది నాకు చాలా సంతోషం కలిగించిన అంకె. 531 రకంలో గోడ మందం అంతటా ఒకేలా ఉన్న గొట్టాలూ ఉండేవి. వాటికి సాధారణంగా 26.8 లాంటి పోస్టు పడుతుంది. చివరల్లో మందంగా, మధ్యలో పలచగా ఉండే బటెడ్ గొట్టాల ఫ్రేముకే 27.2 పడుతుంది. అంటే ఆ చెరిగిన లేబులు అబద్ధం చెప్పడం లేదు. లేబులు ఎవరైనా అంటించవచ్చు, గొట్టం లోపలి వ్యాసం మార్చడం అంత తేలిక కాదు. 531 బజారులోకి వచ్చింది 1935లో. దీన్ని చేసిన రేనాల్డ్స్ అప్పటికే బర్మింగ్‌హామ్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థల్లో ఒకటి. ఆ సంస్థే మురుగప్ప కుటుంబంతో కలిసి 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టింది. మన ఊళ్ళలో తిరిగిన హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ సైకిళ్ళు అక్కడివే. మీ రేసు ఫ్రేముకూ, మన రైతులు వడ్ల బస్తాలు మోసిన సైకిలుకూ అంత దగ్గరి చుట్టరికం ఉంది. లేబులు మీద ఇంకా ఏయే అక్షరాలు మిగిలాయో భూతద్దంతో చూడండి. మూడు ప్రధాన గొట్టాలు మాత్రమే 531 అయితే ఒక రకమైన వాక్యం, ఫోర్కూ, వెనక చక్రాన్ని పట్టే సన్న గొట్టాలైన స్టేలూ కూడా 531 అయితే మరో వాక్యం ఉండేవి.

ఇక ఫోర్కు. అసలు గందరగోళం ఇక్కడే మొదలైంది. మీ కొత్త హెడ్‌సెట్ నట్టు ఒక చుట్టు వదులుగా తిరిగి పట్టేస్తోందన్నారు. హెడ్‌సెట్‌లో లోపమేమీ లేదు. మీ ఫోర్కు కాండం, అంటే ఫ్రేము ముందు గొట్టంలోకి దూరే భాగం, 25.0 మి.మీ. ఉంది, మర 1 మి.మీ. చొప్పున ఉంది. అది ఫ్రెంచి కొలత. మీరు కొన్నది 25.4 మి.మీ.కి, అంగుళానికి 24 చుట్లకు చేసినది. దాన్ని బలవంతంగా బిగించవద్దని, ఎవరినీ బిగించనివ్వవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండు మరలూ చెడిపోతాయి, పాత ఫోర్కు ఇక దేనికీ పనికిరాదు. హెడ్‌సెట్‌ను షాపులో తిరిగి ఇచ్చేయండి.

ఫోర్కు ఈ ఫ్రేముతో పుట్టలేదనడానికి ఇంకా సాక్ష్యాలున్నాయి. చాలామంది ఇంగ్లిషు ఫ్రేము తయారీదారులు బీబీ షెల్ అడుగున కొట్టిన నంబరునే ఫోర్కు కాండం మీద కూడా కొట్టేవారు. మీ షెల్ అడుగున నంబరు ఉంది, కాండం నున్నగా ఉంది. ఆ కాలపు ఇంగ్లిషు క్లబ్బు సైకిళ్ళ ఫోర్కుకు కుడివైపు దీపం తగిలించే చిన్న బొడిపె తరచుగా ఉండేది, మీదానికి లేదు. అన్నిటికంటే తేటగా చెప్పేవి బ్రేకులు. ముందు 700సి రిమ్ముకు బ్రేకు రబ్బర్లు సరిగ్గా కూర్చుంటున్నాయి, వెనక 27 అంగుళాల రిమ్ముకు సరిగ్గా కూర్చుంటున్నాయి అని మీరే రాశారు. పేరు వింటే 27 చిన్నదీ 700 పెద్దదీ అనిపిస్తుంది గాని, టైరు కూర్చునే చోట 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మి.మీ., 700సిది 622. అంటే రిమ్ము అంచు 4 మి.మీ. ఎత్తులో తేడా వస్తుంది. వెనక భాగం 27 కోసం చేసినది, ముందు ఫోర్కు 700 కోసం చేసినది. ఒకే చేయి ఈ రెండూ చేసి ఉండదు.

మరి ఫ్రెంచి ఫోర్కు ఇంగ్లిషు ఫ్రేములో ఎలా పట్టింది? ఫ్రేము ముందు గొట్టంలో నొక్కి కూర్చోబెట్టే కప్పుల వ్యాసం రెండు దేశాల్లోనూ 30.2 మి.మీ. తేడా అంతా కాండం మరలోనే ఉంది. ఫ్రెంచి హెడ్‌సెట్‌తో సహా తెచ్చి పెడితే ఫ్రెంచి ఫోర్కు ఇంగ్లిషు ఫ్రేములో చక్కగా కూర్చుంటుంది. ఆనాడు ఈ పని చేసినవాడు పనితనం తెలిసినవాడు. ఎక్కడా రాయి పెట్టి కొట్టలేదు, మరను చెడగొట్టలేదు. అతని మీద నాకు గౌరవం ఉంది.

అదే చేతి పని వెనక డ్రాపవుటులో కూడా కనిపిస్తోంది. రంధ్రంలో మర అరిగిపోయిందని మీ మెకానిక్ అనుకున్నాడు. నా లెక్క ప్రకారం అందులో మర ఎప్పుడూ లేదు. పాత సింప్లెక్స్ డ్రాపవుట్లలో డిరెయిలర్ రంధ్రానికి మర ఉండదు, డిరెయిలర్ ఆనుకునే మెట్టు కూడా మిగతా కంపెనీలు పెట్టే చోట ఉండదు. రంగు కింద సింప్లెక్స్ పేరు దొరుకుతుందేమో మెల్లగా చూడండి. ఆ రంధ్రానికి 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. చొప్పున మర కోయించితే మిగతా డిరెయిలర్లు ఎక్కుతాయి. అయితే ఫ్రెంచి పాత డిరెయిలర్ దొరికే ఆశ ఉంటే కోయించకండి, ఒకసారి కోస్తే వెనక్కి రాదు. ఎడమవైపుది మామూలు ముక్క, పాత రంగు దాని మీద నిండుగా ఉంది. కుడివైపు స్టే చివర మాత్రం మీరు పంపిన ఫొటోలో రంగు కింద ఇత్తడి గడ్డ కట్టినట్టుంది. కుడిది మాత్రమే మార్చారు.

ఇప్పుడు యానాం కథకు వద్దాం. మీ పెద్దలు చెప్పింది తీసిపారేయకండి. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది, కాబట్టి అక్కడ ఫ్రెంచి సైకిలు తిరిగిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాకినాడ ఇంగ్లిషువారి రేవు. అక్కడి నుంచి రంగూనుకు ఓడల్లో మన డెల్టా జనం రాకపోకలు సాగించారు. ఇంగ్లిషు సరుకు ఏ దారినైనా ఇక్కడికి చేరి ఉండవచ్చు. నా ఊహ ఇది: ఇంగ్లిషు ఫ్రేము ఒకసారి గట్టిగా గుద్దుకుంది, లేదా పడిపోయింది. ఫోర్కు వంగింది, కుడి డ్రాపవుటు విరిగింది. దగ్గరలో ఫ్రేము పాడైన ఒక ఫ్రెంచి సైకిలు ఉంది. దాని ఫోర్కు, హెడ్‌సెట్, కుడి డ్రాపవుటు తీసి దీనికి అమర్చారు. రెండు ఫ్రెంచి ముక్కలూ విడివిడిగా వచ్చాయనడం కంటే ఒకేచోటి నుంచి వచ్చాయనడమే సహజంగా ఉంది. ఇది నిజమైతే మీ పెద్దలు, కాకినాడ మెకానిక్ ఇద్దరూ చెప్పింది సరైనదే.

ఈ ఊహను మీరే పరీక్షించవచ్చు. బీబీ షెల్ అడుగున ఒక చోట, ఫోర్కు పైభాగం లోపలి వైపు ఒక చోట, కుడి డ్రాపవుటు పక్కన ఒక చోట, బొటనవేలి గోరంత మేర, నీళ్ళు పెట్టి సన్నని ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దండి. రంగు పొరలు ఒకదాని కింద ఒకటి చెట్టు కాండంలోని వలయాల్లా బయటపడతాయి. షెల్ దగ్గర అన్నిటికంటే అడుగున ఉన్న రంగు ఫోర్కు మీద, కుడి డ్రాపవుటు మీద లేకపోతే, ఆ రెండూ తరవాత వచ్చినవే. రెండింటి మీదా మొదటి పొర ఒకటే అయితే రెండూ ఒకే మరమ్మతులో వచ్చాయని నమ్మవచ్చు. పై గొట్టం మీది బ్రేకు తీగ కొక్కేల దగ్గర కూడా ఇలాగే చూడండి. అవి వంకరగా ఉన్నాయన్నారు కాబట్టి అవీ తరవాతే అతికించి ఉంటారు. ఆ కాలంలో తీగను పట్టీలతో గొట్టానికి బిగించేవారు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది, దాన్ని తేలికగా తీసుకోకండి. ఫోర్కు మార్చారంటే ఎదురుదెబ్బ తగిలి ఉండవచ్చు. ఎదురుదెబ్బకు ఫోర్కు ఒక్కటే వంగదు. కింది గొట్టం, ముందు లగ్గుకు కాస్త వెనక, అడుగు వైపు సన్నగా ముడత పడుతుంది. పై గొట్టంలో కూడా అదే చోట పడవచ్చు. బటెడ్ గొట్టం అక్కడే మందం తగ్గడం మొదలవుతుంది. కంటికి కనిపించకపోవచ్చు. కళ్ళు మూసుకుని వేలితో అడుగు వైపు నెమ్మదిగా తడమండి. తరవాత చీకట్లో టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి. ఎత్తుపల్లాలుంటే నీడ పడుతుంది. అక్కడ లప్పం పెట్టి కప్పేశారేమోనని చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. లప్పం మందంగా ఉన్నచోట అది సరిగా అంటుకోదు. ముడత గానీ పగులు గానీ తగిలితే ఆ సైకిలు గోడకు తగిలించుకోవడానికే. మన దగ్గర కొండలు లేకపోయినా కాలువ గట్ల మీద గుంటలు తక్కువేమీ కాదు, ముందు గొట్టం తెగితే నేరుగా ముఖం మీద పడతారు.

ముడత లేకపోతే దారం పరీక్ష చేయండి. వెనక ఒక డ్రాపవుటుకు గట్టి దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుటుకు బిగించి కట్టండి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. తేడా ఒకటి రెండు మి.మీ. లోపు ఉంటే పరవాలేదు. కుడి డ్రాపవుటు మార్చారు కాబట్టి ఈ కొలత మీకు తప్పనిసరి.

ఎప్పటిదని అడిగారు. వెనక డ్రాపవుట్ల మధ్య 120 మి.మీ. ఉంది, అది అయిదు పళ్ళచక్రాల ఫ్రీవీల్ కాలపు కొలత. ఆరు వచ్చాక 126 అయింది. సీసా బిగించే రంధ్రాలు లేవు, తీగ కొక్కేలు పుట్టుకతో లేవు, నెర్వెక్స్ లగ్గులు ఉన్నాయి, చక్రం 27 అంగుళాలది. ఇవన్నీ కలిపితే 1950లు, 60ల మధ్య అంటాను. అంతకంటే దగ్గరగా చెప్పాలంటే షెల్ అడుగు నంబరు కావాలి. దాన్ని ఇనుప బ్రష్‌తో గీకకండి. రంగు తొలగించే ద్రావకంతో మెత్తబరచి, తుడిచి, సుద్దముక్క రుద్ది ఫొటో తీయండి. బ్యాడ్జి రంధ్రాల మధ్య దూరం కూడా రాయండి, అది తయారీదారును పట్టించే గుర్తుల్లో ఒకటి. ఇంగ్లండులోని వెటరన్ సైకిల్ క్లబ్‌లో ఒక్కొక్క తయారీదారు గురించి ప్రత్యేకంగా తెలిసినవారు ఉంటారు, ఆ రెండూ వారికి పంపండి.

తిప్పుకోవడానికి నా సలహా: ఫ్రెంచి ఫోర్కును ఉంచేయండి. 25 మి.మీ. ఫ్రెంచి హెడ్‌సెట్ వెతకండి. దొరికేదాకా పాతదాన్నే కిరోసిన్‌తో కడిగి, కొత్త గుళ్ళు వేసి, గ్రీజు పెట్టి వాడండి. హ్యాండిల్ స్టెమ్ మార్చాలనుకుంటే ఫ్రెంచి కాండంలోకి 22.0 మి.మీ.ది కావాలి. మామూలుగా దొరికే 22.2 అల్యూమినియం స్టెమ్‌ను ఎమెరీ కాగితంతో సమంగా రుద్ది తగ్గించుకోవచ్చు. షాపులో హీరో, అట్లాస్ ఫోర్కు వేసేద్దామంటారు, ఒప్పుకోకండి. అది 28 అంగుళాల చక్రానికి చేసిన పొడవైన ఫోర్కు. సైకిలు ముందు భాగం లేచిపోయి నడక చెడుతుంది. డ్రాపవుటు దగ్గర ఎప్పుడైనా మరమ్మతు అవసరమైతే కరెంటు వెల్డింగ్ చేయించవద్దు. 531 గొట్టం ఇత్తడితోనో వెండితోనో తక్కువ వేడిలో అతికించడానికి తయారైనది.

రంగు ఎందుకు వద్దంటున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. మీ సైకిలుకు ఏం జరిగిందో చెప్పేవి ఆ పొరలే. వాటిని గీకేస్తే ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు. మన ఉప్పుగాలిలో అసలు ప్రమాదం లోపలి తుప్పు. బీబీ తీసే ఉంది కాబట్టి ఫ్రేమును తలకిందులు చేసి తట్టి తుప్పు పొడి రాల్చండి. తరవాత కాచిన అవిసె నూనె గొట్టాల్లో పోసి అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంపేసి కొన్ని రోజులు ఆరనివ్వండి. బయట పాత రంగు మీద పలచగా మైనం పట్టిస్తే చాలు.

హెడ్‌సెట్‌కు డబ్బు పెట్టే ముందు మూడు పంపండి: బీబీ కప్పు మీద పది చుట్ల కొలత, కింది గొట్టం అడుగు వైపు టార్చి పక్కవాటుగా వేసి తీసిన ఫొటో, దారం పరీక్షలో రెండు వైపుల దూరాలు.